గుమ్మం దిబ్బకు పిల్లలు రాని ఏడు

రేవులో ఆమెను గొట్టం వదిన అంటారు. వరసకు ఆమె వదిన అయ్యేది ఒక్కడికే, సొంత మరిదికి. కానీ ఆ ఒక్కడు నీళ్ళ అడుగు నుంచి తల పైకెత్తగానే "వదినా!" అని పెట్టే కేక రేవంతా వినపడుతుంది కాబట్టి, పళ్ళూడిన ముసలివాళ్ళకు కూడా ఆమె వదినే అయి కూర్చుంది. గొట్టం మాత్రం ఆమె స్వార్జితం.

ఆమె చేసేది చూసేవాళ్ళకు పనిలా కనిపించదు. పడవ మధ్యలో గాలి మిషను డబడబా కొట్టుకుంటూ ఉంటుంది. దాన్నుంచి బయల్దేరిన పచ్చ గొట్టం పడవ అంచు మీదుగా నీళ్ళలోకి దిగి, అడుగున చారల చేపలు పట్టే మరిది నోటి దాకా పోతుంది. ఆ గొట్టాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చోవడమే ఆమె పని. అతడు ముందుకు పోతే వదలాలి, వెనక్కి వస్తే చుట్టుకోవాలి, పగడపు కొమ్మలకు చిక్కుకోకుండా చూసుకోవాలి. గాలి తిరిగి మిషను పొగ దాని మూతి వైపే మళ్ళిందంటే ఒక్క గెంతున లేచి పడవను తిప్పాలి. ఆ పొగ గొట్టంలోకి పోతే అడుగున ఉన్నవాడికి నిద్ర ముంచుకొస్తుంది, మళ్ళీ లేవడు.

"హాయిగా కూర్చుని చేసే ఉద్యోగం నీది," అని ఎవరో పక్క పడవావిడ దెప్పితే, "మీ ఆయన ఊపిరిని ఒక పూట నీ ఒళ్ళో పెట్టుకుని చూడు, ఎంత హాయిగా ఉంటుందో," అంది వదిన, గొట్టం మీంచి కళ్ళు తిప్పకుండానే.

ఈ గొట్టం ఆమె చేతికి ఊరికే రాలేదు. అంతకుముందు నీళ్ళలోకి దిగేవాడు ఆమె భర్త. గొట్టం ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్ళు పట్టుకునేవారు. రేవు నుంచి కొంచెం దూరంలోనే ఉంటుంది గుమ్మం దిబ్బ. ఇంటి ముందు గుమ్మంలా ఉందని ఆ పేరు. మేడ ఇంటి ఎత్తుకు మించని లోతు, పరుచుకున్న పగడాలు, వాటి మధ్య మెత్తటి వేళ్ళు ఆడించే సముద్రపు పువ్వులు, ఒక్కో పువ్వులో ఒక్కో చారల చేపల కాపురం. ఆ దిబ్బ చివర నేల ఒక్కసారిగా తెగిపోతుంది. దాన్ని అంచు అంటారు. అంచు కింద నీళ్ళు నీలం పోయి నల్లగా ఉంటాయి. అక్కడ దొరికే చేపల రంగులే వేరు. ఇళ్ళల్లో గాజు తొట్లలో పెంచుకునేవాళ్ళ కోసం బతికున్న చేపలు కొనే వ్యాపారి కళ్ళు ఎప్పుడూ వాటి మీదే.

ఒక రోజు ఆమె భర్త అంచు దిగాడు. చాలాసేపు ఉన్నాడు, సంచి నిండగానే గబుక్కున పైకి వచ్చేశాడు. వచ్చినప్పుడు గుండ్రాయిలా ఉన్నాడు. ఇంటికి నడిచి వచ్చాడు, తిన్నాడు, సాయంత్రానికి కాళ్ళు తిమ్మిరెక్కాయని పడుకున్నాడు. ఆ తర్వాత ఆ కాళ్ళు ఆయన మాట మళ్ళీ వినలేదు. ఒంట్లో కలిసిన గాలి నెమ్మదిగా పోవాలని, తొందరపడి పైకి వస్తే అది రక్తంలో బుడగలు కడుతుందని డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. బొమ్మ బాగుంది. కాళ్ళు మాత్రం రాలేదు.

అప్పటి నుంచి దిగేవాడు మరిది, గొట్టం పట్టేది వదిన. మొదటి రోజే అతడి చేత మాట తీసుకుంది. గుమ్మం దిబ్బ మీద ఎంతసేపైనా ఉండు, అంచు దాటి ఒక్క బారెడు కూడా దిగకు. అతడు సరేనన్నాడు. దిబ్బ నిండా చేపలుండగా అంచుతో పనేముంది? దిబ్బ ఇంటిని పోషిస్తున్నన్నాళ్ళూ మరిది కాళ్ళకు ఢోకా లేదు. ఆమె లెక్క అంతే.

ఆ రేవులో దిగేవాళ్ళు కరుకు మనుషులు కారు. వాళ్ళకు రెండు కట్టుబాట్లున్నాయి, రెండూ జాలి కొద్దీ పెట్టుకున్నవే. నీళ్ళు వచ్చే దిక్కున దూరంగా అమ్మ దిబ్బ అని ఒకటుంది. దాన్ని ఎవరూ ముట్టరు. అక్కడ పుట్టిన పిల్లలే నీటి వాలులో కొట్టుకొచ్చి తమ దిబ్బను నింపుతాయని అందరి నమ్మకం. రెండో కట్టు, పిల్ల చేపల జోలికి పోకూడదు. పువ్వులో అన్నిటికన్నా పెద్దదాన్ని మాత్రమే తియ్యాలి, బతికినన్నాళ్ళు బతికింది కదా అని. ఈ రెండో కట్టును వదిన భర్తే గట్టిగా నిలబెట్టాడు. చిన్న చేప ఉన్న సంచి కనపడితే చాలు, దిగినవాడి తాతను కూడా లేపి తిట్టేవాడు.

నీళ్ళు వెచ్చబడే నెలల్లో గోరంత గోరంత పిల్లలు పువ్వుల్లో కనపడేవి. మరిది పైకి వచ్చి గొట్టం కొసనున్న నోటి ముక్క తీయగానే, "అమ్మ పంపింది వదినా!" అనేవాడు. ఆ మాట కోసమే ఆమె ఎదురుచూసేది.

ఈ ఏడు నీళ్ళు వెచ్చబడ్డాయి. మరిది దిగాడు, ఎక్కాడు. ఏమీ అనలేదు.

"కనపడ్డాయా?" అంది వదిన.

"ఇంకా టైముందిలే."

మరో వారం పోయింది. గొట్టం ఆమెకు ఏదో చెబుతున్నట్టే ఉంది. ఇదివరకు అతడు ఒక పువ్వు దగ్గర ఆగితే గొట్టం కూడా చాలాసేపు నిలకడగా ఉండేది. ఇప్పుడు ఆగడం లేదు. అటు గుంజి, ఇటు గుంజి, ఇల్లిల్లూ తలుపు తట్టి ఎవరూ లేరని తిరిగే మనిషి నడకలా ఉంది. ఒకరోజు పైకి వచ్చాక అతడు పడవ అంచు పట్టుకుని అలాగే నీళ్ళలో వేలాడుతూ ఉండిపోయాడు.

"పువ్వులు బానే ఉన్నాయి వదినా. లోపలే ఎవరూ లేరు. వేళ్ళు ఆడించుకుంటూ ఉన్నాయి, ఊరికే."

"అమ్మ దిబ్బ నుంచి రావడం ఆలస్యమైందేమో."

"ఎంత ఆలస్యం? బస్సా అది?"

ఆ మాటకు ఇద్దరూ నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆ పడవనే అద్దెకు తీసుకుని, అప్పటికి రెండేళ్ళుగా ఒకమ్మాయి వస్తూ పోతూ ఉండేది. చేపల మీద ఏదో పెద్ద చదువు చదువుతోంది. చేపను నొప్పి తెలియకుండా పట్టి, తోక చివర గింజంత ముక్క కత్తిరించి, సీసాలో వేసుకుని, చేపను దాని పువ్వులోనే వదిలేసేది. రేవు ఆమెకు కత్తెరమ్మ అని పేరు పెట్టేసింది. వదిన పక్కనే కూర్చుని సీసాలకు మూతలు పెట్టేటప్పుడు మరిదికీ ఆమెకూ మాటల యుద్ధం నడిచేది.

"ఎందుకమ్మా ఈ తోకలన్నీ? ఎండబెట్టి దండ కట్టుకుంటావా?"

"చుట్టరికాలు తెలుసుకోవడానికన్నా. ఎవరి పిల్ల ఎవరో ఈ ముక్క చూస్తే తెలుస్తుంది."

"సంబంధాలు చూసేవాళ్ళు కూడా ఇంత ఆరా తియ్యరే! తెలిశాక ఏం చేస్తావు, మేనమామకి కబురు పెడతావా?"

"ముందు అమ్మానాన్నల్ని దొరకనీ. పువ్వులో అన్నిటికన్నా పెద్దదుంటుంది చూడు, అది ఆడది. దాని తర్వాతది మొగుడు. మిగతావి ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరినవి."

"ఆ ఆడది పోతే?"

"మొగుడే ఆడదైపోతాడు. కొన్నాళ్ళు పడుతుంది."

మరిది పడవ అదిరేలా నవ్వాడు. "మా అన్న వినాలి ఈ మాట!"

"మీ అన్నకు ఒక్క పూట వంటిల్లు అప్పజెప్తే చాలు, తోక కత్తిరించే పని కూడా ఉండదు," అంది వదిన.

అప్పుడు ఆ మాటలు మాటలుగానే పోయాయి. పెద్దదే ఆడది అన్నదాన్ని ఎవరూ పట్టుకోలేదు.

పువ్వులు ఖాళీగా ఉన్న ఈ ఏడు, కత్తెరమ్మ సీసాలు లేకుండా ఇంటికి వచ్చింది. వదిన భర్త గోడకు ఆనుకుని చేపలు పట్టే చేతి వలకు కన్నాలు కుడుతున్నాడు. మరిది గడప దగ్గర కూర్చున్నాడు. వదిన టీ పోసి, తనూ కూర్చుంది.

"ఫలితాలొచ్చాయి బాబాయ్," అంది కత్తెరమ్మ. చెప్పాలని వచ్చిన మనిషిలా లేదు, చెప్పక తప్పని మనిషిలా ఉంది. "గుడ్డు పగిలినప్పుడు పిల్ల నలుసంత ఉంటుంది. నీళ్ళతో కొట్టుకుపోతుంది. పది పన్నెండు రోజులు సముద్రం మీదే. ఆ తర్వాత ఒక పువ్వు చూసుకుని దిగుతుంది."

"మాకు తెలియనిదేముంది? అమ్మ దిబ్బ నుంచే కదా వచ్చేది."

"అదే నేనూ అనుకున్నా. కానీ నేను చూసినవాటిలో అమ్మ దిబ్బ పిల్ల ఇక్కడ ఒక్కటీ దొరకలేదు. వాటిల్లో కొన్ని అక్కడికే తిరిగి చేరుతున్నాయి. మిగతావి ఎటు పోతున్నాయో నాకూ తెలీదు. ఇక్కడున్నవాటిలో అమ్మానాన్నలు దొరికినవన్నీ ఇక్కడ పుట్టినవే. పోయి, మళ్ళీ ఇంటి వాసన పట్టుకుని వచ్చినవే."

"నీళ్ళు అటునుంచి ఇటు పారుతుంటే, పిల్లలు రాకపోవడమేంటి?"

"నీళ్ళు రోజంతా ఒకేవైపు పోవు కదా బాబాయ్. అడుగున ఒకలా, పైన ఒకలా. పిల్లలు కూడా ఊరికే కొట్టుకుపోవు, కాస్త పెరిగాక ఈదుతాయి. నాకు అంతా తెలిసిందని చెప్పను. తోక ముక్కలు చెప్పిందే చెప్తున్నా."

భర్త చేతిలో సూది ఆగింది. ఆయన నెమ్మదస్తుడు, ఒక మాటను చాలాసేపు నమిలి గానీ మింగడు. చివరికి అన్నాడు:

"మేం పిల్లల్ని వదిలేసి పెద్దవాటిని తీశాం."

కత్తెరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"పెద్దది తల్లి అన్నావు కదూ? తల్లిని తీస్తే మొగుడు తల్లి కావాలి. అది ఎదిగి గుడ్లు పెట్టేసరికి, పువ్వులో అదే పెద్దది." ఆయన వేలితో గాలిలో ఏదో గీత గీశాడు. "అప్పుడు దాన్ని తీశాం."

జాలి పడి, కట్టు పెట్టుకుని, తప్పినవాణ్ణి తిట్టి మరీ తల్లుల్ని ఏరి అమ్మారు.

"ఈ మధ్య వచ్చిన పిల్లల్లో చాలావరకు ఒక్క తల్లివే," అంది కత్తెరమ్మ. "రాతి గూటి కింద పెద్ద పువ్వులో ఉండేది. నిరుడు దాని తోక కత్తిరించి వదిలాను. ఈసారి పువ్వుంది. అది లేదు."

మరిది గడప మీద లేని మట్టిని గోకడం మొదలుపెట్టాడు. తోక తెగిన సరుకు తెచ్చావేంటని వ్యాపారి నిరుడు సణిగిన సణుగుడు వదినకు గుర్తొచ్చింది. ఆ సంచి మూతి కట్టింది తనే. ఎంత నిండుగా ఉందో చేప అనుకుంది కూడా.

"ఇప్పుడు ఆపేస్తే?" అంది.

"మిగిలినవి ఎదిగితే మళ్ళీ రావచ్చు. ఏళ్ళు పడుతుంది వదినా."

"ఈ ఏడు మాత్రం?"

"ఈ ఏడు రావు."

కత్తెరమ్మ వెళ్ళిపోయింది. మరిది లేచి ఒళ్ళు దులుపుకున్నాడు.

"అయితే ఇంక అంచే," అన్నాడు, కూరగాయల కోసం పక్క వీధికి వెళ్తానన్నంత మామూలుగా.

"నువ్వు నాకు మాటిచ్చావు."

"దిబ్బ ఉన్నప్పుడు ఇచ్చాను వదినా. నేను అన్నలా మొండిగా ఉండను. కాసేపే. నెమ్మదిగా ఎక్కుతా."

"మీ అన్న కూడా కాసేపే అనుకున్నాడు."

భర్త మళ్ళీ సూది అందుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మగాళ్ళిద్దరూ కునుకు తీస్తున్నప్పుడు వదిన పడవ దగ్గరికి వెళ్ళింది. ఎండలో గొట్టం మెత్తబడి ఉంది. చుట్ట విప్పి, నోటి ముక్క ఉన్న కొస నుంచి బారలు కొలిచింది. దిబ్బ మీద తిరగడానికి సరిపడా ఉంచి, అక్కడ కత్తి పెట్టింది. ఏళ్ళ తరబడి ఒక్క గీటు పడకుండా, పగుళ్ళు రాకుండా, పసిబిడ్డను తుడిచినట్టు తుడిచిన గొట్టం అది. కత్తి మొదట జారింది. తర్వాత తెగింది. మిగిలిన ముక్కను అతికించే వీలు కూడా లేకుండా జానెడు జానెడు ముక్కలు చేసి, మిషను పక్కన కుప్ప పోసింది. ఉంచిన గొట్టం తెగిన కొస తీసుకెళ్ళి మళ్ళీ మిషనుకు బిగించింది. దాచాలనుకోలేదు. దాచే మనిషి కాదు.

సాయంత్రం మరిది ఆ కుప్ప చూసి ఇంటికి వచ్చాడు. అరవలేదు. అరిచినా బావుండేది.

"వదినా, నా నోట్లో గాలి నీ సొత్తా?"

"నీ కాళ్ళు నీ సొత్తే. అందుకే కోశాను."

"కాళ్ళుండి ఏం చెయ్యను? ఖాళీ దిబ్బ చుట్టూ ప్రదక్షిణం చెయ్యనా?" అన్న వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పు అన్నా."

వల పక్కన పెట్టి భర్త తన మోకాళ్ళ మీద చేతులు వేసుకున్నాడు. "అప్పుడు నాది కూడా ఎవరైనా కోసి ఉంటే బావుండేదిరా," అన్నాడు.

మరిది తన చేతి వల, కళ్ళద్దం తీసుకుని మీసాల మామ ఇంటికి వెళ్ళిపోయాడు. మీసాల మామకు కొత్త మిషనుంది, దానికి తగ్గ పొడుగు గొట్టముంది. పడవ వెనక భాగంలో నిలబడితే ఆయన మీసాలు ముందు భాగంలో ఉంటాయని రేవులో ఒక మాట. దిగే మనిషి కోసం ఆయన ఎప్పటి నుంచో వెతుకుతున్నాడు. లేనిది గొట్టం పట్టే మనిషే. ఆయన దాన్ని మడమ కింద తొక్కి పెట్టి ఫోన్లో ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకుంటాడు. గొట్టం అడుగున ఎవరున్నదీ ఆయనకు పెద్దగా గుర్తుండదు.

వదిన ఆ సంగతి ఆలోచిస్తూ పొయ్యి దగ్గర నిలబడిపోయింది. అన్నం మాడు వాసన వచ్చాక గానీ కదల్లేదు.

"నువ్వు వెళ్ళు," అన్నాడు భర్త గదిలోంచి.

"ఎక్కడికి?"

"వాడెలాగూ దిగుతాడు. ఆ మీసాలాయన కాలి కింద దిగే కన్నా నీ చేతి కింద దిగడం నయం. పైకి వచ్చేటప్పుడు ఆపు. ఆపి ఆపి తియ్యి. నన్ను ఆపేవాళ్ళు లేరు."

పొద్దున్నే ఆమె మీసాల మామ పడవ దగ్గర నిలబడింది. ఆయన మీసం మెలి తిప్పాడు.

"ఏం వదినా, గొట్టాలు కోసే చేతికి నా గొట్టం ఇవ్వనా?"

"కత్తి ఇంట్లో పెట్టి వచ్చాలే మామా. కావాలంటే కొంగు దులిపి చూపిస్తా."

మరిది ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు. అయినా ఆమె కూర్చోవడానికి చోటు చేశాడు. పడవ గుమ్మం దిబ్బ మీదుగా పోయింది. పైనుంచి చూస్తే అడుగున పువ్వులు కనపడుతున్నాయి, మెత్తగా ఆడుతూ, ఎవరూ లేకుండా. అంచు దాటాక అడుగు కనపడటం మానేసింది.

"ఎక్కేటప్పుడు నేను గొట్టం బిగపడితే ఆగాలి," అంది వదిన. "మళ్ళీ వదిలేదాకా ఎక్కకూడదు. విన్నావా?"

"విన్నాలే."

అతడు దిగాడు. కొత్త గొట్టం ఆమె అరచేతుల్లోంచి జారడం మొదలుపెట్టింది. ఎక్కడా అతుకు లేదు, చేతికి తగిలే గుర్తు ఏదీ లేదు. జారుతూనే ఉంది. తను కోసి పారేసిన పొడుగంతా తన చేతుల మీదుగానే నీళ్ళలోకి పోతోంది. బుడగలు పైకి రావడానికి పట్టే సమయం పెరిగింది. అవి పడవకు దూరంగా, ఎవరివో అన్నట్టు పగులుతున్నాయి. మీసాల మామ ఫోన్లో ఎవరికో వాతావరణం చెబుతున్నాడు.

గొట్టం ఒకచోట ఆగింది. నిలకడగా, చాలాసేపు. పాత రోజుల్లో పువ్వు దగ్గర ఆగినట్టే. కింద చేపలు దొరికాయని ఆమెకు అర్థమైంది. సంతోషించాల్సిన చోట ఆమె గొట్టాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఒక్క గుంజు వచ్చింది. ఎక్కుతున్నాడు. ఆమె కొంత చుట్టుకుని బిగపట్టింది. గొట్టం ఆగింది. మనసులో మెల్లగా ఊపిరి లెక్కపెట్టుకుంది. అంతలో గొట్టం వదులైపోయింది. ఆమె వదల్లేదు, అతడే ఎక్కేస్తున్నాడు. ఎక్కుతున్న మనిషిని గొట్టం ఏం ఆపుతుంది? పచ్చటి మెలికలు నీళ్ళ మీద తేలాయి. ఆమె రెండు చేతులతో చుట్టుకుంటూనే ఉంది, అంతకన్నా వేగంగా అతడు వచ్చేశాడు.

"వదినా!"

ఆ కేక రేవు దాకా వినపడి ఉంటుంది. అతడు సంచి పైకెత్తాడు. లోపల పసుపు, ఊదా, నిప్పు రంగు. అన్నీ పెద్దవే. మీసాల మామ ఫోన్ పెట్టేసి ఈల వేశాడు.

"ఆగమన్నాను కదరా," అంది వదిన.

"సంచిలో ఊపిరాడక చచ్చిపోతాయని వచ్చేశా. చూశావా, ఏమీ కాలేదు! ఊరికే భయపడి గొట్టం పాడుచేశావు." పడవ ఎక్కి, నీళ్ళు కారుతూ నిలబడి, ఆమె బుగ్గ మీద తడి చేత్తో చరిచాడు. కోపమంతా పోయింది. మళ్ళీ ఆమె మరిదే. "కింద ఎన్నున్నాయో తెలుసా! మామా, రేపటికి ఇంకో నాలుగు బారలు కలుపు."

"కలుపుదాం," అన్నాడు మామ. "రేపు మనోళ్ళు అందరూ వస్తారు చూడు."

పడవ రేవు వైపు తిరిగింది. అతడు పడవ ముందు భాగంలో నిలబడి, కనపడినవాళ్ళందరికీ సంచి ఊపుతున్నాడు. వదిన గొట్టాన్ని చుట్టలు చుట్టలుగా ఒళ్ళోకి లాక్కుంటూ, అతడి మొహం వైపు చూడలేదు. కాళ్ళనే చూస్తూ కూర్చుంది. అల తగిలినప్పుడల్లా అవి సర్దుకుని నిలబడుతున్నాయో లేదో చూస్తూ.

సాయంత్రం కావడానికి ఇంకా చాలా పొద్దుంది.